పార్కుకు ముందు నీళ్ల లెక్క

తుమ్మలపల్లె పేరు బయటి ప్రపంచానికి యురేనియం గని వల్ల తెలిసింది. కడప జిల్లా వేముల మండలంలోని ఈ ఊళ్లో 2007లో గనికి శంకుస్థాపన జరిగింది, 2012లో గని ప్రారంభమైంది. గనిలో ఉద్యోగం చేసేవాళ్లు, కరువుకు సేద్యం వదిలేసినవాళ్లు, పిల్లల చదువు కోసం పల్లె విడిచినవాళ్లు ఎక్కువగా చేరేది దగ్గర్లోని పులివెందులకే. 2011 జనగణన నాటికే పులివెందుల జనాభా 65,706. ఆ తర్వాత కొత్త బస్ టెర్మినల్ వచ్చింది, వైద్య కళాశాల భవనాలు లేచాయి, రోడ్లు వెడల్పయ్యాయి. ఊరి చుట్టూ చేలు పోయి లేఅవుట్ రాళ్లు పడ్డాయి. 2024 మార్చిలో ఉలిమెల్ల చెరువు దగ్గర లేక్ ఫ్రంట్ ప్రారంభమైంది.

ఊరు ఇలా పెరుగుతుంటే పార్కు కావాలని జనం అడగడం న్యాయమే. రెండు గదుల ఇళ్లలో ఉండేవాళ్లకు సాయంత్రం కాసేపు కూర్చోవడానికి చోటు కావాలి. షుగరు ఉన్న పెద్దవాళ్లకు లారీలు తిరగని నడకదారి కావాలి. పిల్లలకు పరుగెత్తడానికి నేల కావాలి. ఇవేవీ విలాసాలు కావు. అయితే రాయలసీమలో ఏ పట్టణంలో పార్కు తలపెట్టినా ముందు వచ్చే బొమ్మ ఒకటే: మధ్యలో పచ్చటి లాన్, దాని మధ్యన ఫౌంటెన్, చుట్టూ టైల్స్ పరిచిన దారి, ముఖద్వారం దగ్గర కమాను. ఏడాది పొడవునా చినుకులు పడే దేశాల్లో పుట్టిన బొమ్మ అది. మన ఎండకూ మన నేలకూ మన బోర్లకూ అది సరిపడదు. ఇక్కడ పార్కును నీడతో కట్టాలి. గీత గీసే ముందు నీళ్ల లెక్క తేలాలి. అందులో పెద్ద గణితమేమీ లేదు, కూడికలూ గుణకారాలూ వస్తే చాలు.

ఎకరా లాన్ ఎన్ని ట్యాంకర్లు తాగుతుంది?

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఎకరాకు ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిగతాదంతా ఎవరైనా కట్టేయొచ్చు.

మే నెలలో రాయలసీమ ఎండకు, పొడిగాలికి బాగా తడిపిన పచ్చటి నేల నుంచి రోజుకు 7 నుంచి 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. వేడిని తట్టుకునే రకం లాన్ గడ్డి ఇందులో 60 శాతం వరకైనా తాగందే పచ్చగా నిలవదు. అంటే రోజుకు దాదాపు 5 మిల్లీమీటర్లు. ఎకరాకు 20,000 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు నాలుగు. ఇది వేర్లకు అందాల్సిన నీరు మాత్రమే. పైపులతో, స్ప్రింక్లర్లతో పట్టేటప్పుడు గాలికి కొట్టుకుపోయేది, దారుల మీద పారేది దీనికి అదనం.

దీన్ని ఊరంతటికీ విస్తరించి చూద్దాం. పట్టణ ప్రణాళికల కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలి. పది చదరపు మీటర్లే అనుకున్నా, 2011 నాటి పులివెందుల జనాభాకు 162 ఎకరాలు కావాలి. అదంతా లాన్ వేస్తే మే నెలలో రోజుకు 32 లక్షల లీటర్లు పోయాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఆ ఊరి మొత్తానికి ఇవ్వాల్సిన నీరు 89 లక్షల లీటర్లు. ఊరి నీళ్లలో మూడో వంతుకు మించి గడ్డికే పోతుందన్నమాట. వేసవిలో బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధులున్న ప్రాంతంలో ఈ పని చేయడానికి ఏ కౌన్సిల్‌కూ మనసొప్పకూడదు.

ఆ నీళ్లు పోయడం ఆపితే ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. ప్రారంభోత్సవం నాడు పచ్చగా ఉన్న లాన్ రెండో వేసవికి గోధుమరంగు చాపలా పడి ఉంటుంది. దాన్ని కాపాడాలని కొత్త బోరు వేస్తారు. ఆ బోరు పక్క వీధి బోరును ఎండగడుతుంది.

మనకంటే ఎంతో పొడిగా ఉండే ఊళ్లు ఈ లెక్కను ఇప్పటికే ఒప్పుకున్నాయి. అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఏడాదికి కురిసేది దాదాపు 100 మిల్లీమీటర్లు. అక్కడ ఇళ్ల ముందు గడ్డి పీకేసినవాళ్లకు నీటి సంస్థ ఎన్నో ఏళ్లుగా డబ్బులిస్తోంది. అది చాలక 2021లో నెవడా రాష్ట్రం చట్టమే చేసింది. రోడ్ల మధ్య, ఆఫీసుల ముందు కేవలం అందానికి పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు వాడకూడదు. పిల్లలు ఆడుకునే మైదానాల గడ్డి జోలికి ఆ చట్టం పోలేదు. మన పార్కులకూ ఆ తేడా వర్తిస్తుంది. పిల్లలు పడి లేచే చోట ఒక చిన్న చెక్క గడ్డి ఉంటే తప్పులేదు. ఎవరూ అడుగుపెట్టకుండా గొలుసు కట్టిన ఎకరాల లాన్ మాత్రం మనకొద్దు.

నీడ ఎలా పనిచేస్తుంది

చెట్టు చల్లదనాన్ని రెండు రకాలుగా ఇస్తుంది. ఒకటి అందరికీ తెలిసిందే: ఆకుల నుంచి నీరు ఆవిరి కావడం. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే చుట్టూ ఉన్న గాలి నుంచి, ఆకు నుంచి 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని లాక్కోవాలి. నీళ్లు బాగా అందే పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలితే అది 68 యూనిట్ల వేడిని మింగినట్టే. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత బాగా జరుగుతుంది. కూలర్ కడపలో ఇచ్చినంత చల్లదనం విశాఖలో ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

కానీ ఇక్కడో మెలిక ఉంది. మే నెల మధ్యాహ్నం ఎండ 43, 44 డిగ్రీలకు చేరి గాలిలో తేమ పడిపోయినప్పుడు చెట్టు తన ఆకుల్లోని సన్నటి రంధ్రాలను మూసుకుంటుంది. మూసుకోకపోతే వేర్లు పంపేదానికంటే ఆకులు పోగొట్టుకునేదే ఎక్కువై చెట్టు వాడిపోతుంది. నీళ్లు తక్కువ ఉన్న నేలలో రంధ్రాలు ఇంకా ముందే, పొద్దున పది పదకొండు గంటలకే మూతపడతాయి. అంటే మనకు చల్లదనం ఎక్కువగా అవసరమైన వేళకే ఆవిరి వల్ల వచ్చే చల్లదనం తగ్గిపోతుంది.

అప్పుడు ఆదుకునేది రెండోది, నీడ. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరుకు దాదాపు 900 నుంచి 1,000 వాట్ల శక్తి పడుతుంది. దట్టమైన కానుగ కొమ్మల కింద అందులో అయిదో వంతు కూడా రాదు. చెట్టు కింద థర్మామీటరు పెట్టి చూస్తే గాలి ఉష్ణోగ్రత బయటికంటే ఒకటి రెండు డిగ్రీలే తక్కువ కనిపిస్తుంది. అంతమాత్రానికి మనిషికి ప్రాణం లేచొచ్చినట్టు ఎందుకనిపిస్తుంది? మన ఒంటిని కాల్చేది గాలి ఒక్కటే కాదు గనక. నేరుగా పడే ఎండ, కాలిన తారు నుంచి, గోడల నుంచి, బండల నుంచి వెలువడే వేడి కిరణాలు కూడా ఒంటిని కాలుస్తాయి. మధ్యాహ్నం తారురోడ్డు పైపొర 60 డిగ్రీలకు చేరుతుంది. చెట్టు ఎండను ఆపుతుంది, నేల కాలకుండా కాస్తుంది. రెండు వైపుల నుంచీ వచ్చే వేడి తగ్గుతుంది కాబట్టి ఒంటికి తగిలే తేడా పది డిగ్రీలు దాటుతుంది.

లాన్ ఈ పని చేయలేదు. నడి మధ్యాహ్నం లాన్ మధ్యలో నిలబడినవాడి నెత్తిన ఎండ ఎండలాగే పడుతుంది. ఎకరా గడ్డికి రోజూ పోసే 20,000 లీటర్లతో ఒక్క మనిషికైనా తలదాచుకునే చోటు దొరకదు.

చెట్ల లెక్క ఇలా ఉంటుంది. ఎదిగిన వేప కొమ్మలు ఎనిమిది మీటర్ల వెడల్పున పరుచుకుంటే దాని నీడ 50 చదరపు మీటర్లు. ఎకరాకు 60 చెట్లు ఎదిగితే 3,000 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో దాదాపు ముప్పాతిక నీడే. మొక్కగా ఉన్న రెండు మూడు వేసవులు ఒక్కోదానికి 20 లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు పోసినా మొత్తం వారానికి 2,400 లీటర్లు, అంటే సగం ట్యాంకరు. అదే వారంలో లాన్‌కు 28 ట్యాంకర్లు కావాలి. వేరు లోతుకు దిగాక వేపకు ఆ సగం ట్యాంకరు కూడా అక్కర్లేదు.

పార్కు చల్లదనం గేటు దగ్గర ఆగదు. మెక్సికో నగరంలోని చపుల్టెపెక్ అనే పెద్ద పార్కును కొలిచినప్పుడు అది చుట్టుపక్కల కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంది, ఆ చల్లదనం దాదాపు పార్కు వెడల్పంత దూరం, రెండు కిలోమీటర్ల వరకు పాకింది. అది వెయ్యి ఎకరాలకు మించిన పార్కు. చిన్న పార్కు ప్రభావమూ చిన్నదే. అందుకే ఊరి చివర ఒక్క పెద్ద పార్కు కట్టి వదిలేసే కంటే ఇళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నీడ తోపులు పెంచడం జనానికి ఎక్కువ మేలు చేస్తుంది. లేఅవుట్ నిబంధనల ప్రకారం ప్రతి లేఅవుట్‌లోనూ పది శాతం ఖాళీ స్థలం వదలాలి. ఆ పది శాతం ఎక్కడ వదిలారు, ఇప్పటికీ అలాగే ఉందా, కంచె వేశారా అని చూస్తే మీ ఊరి పార్కులకు స్థలం ఎక్కడుందో సగం తేలిపోతుంది.

కింద ఉన్న రాయి సంగతి

వేముల, వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల నేల కింద పరుచుకున్నది కోట్ల ఏళ్ల నాటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి పొరను వేంపల్లె పేరుతోనే పిలుస్తారు. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ పొరలోనే. రాయిలో సున్నం ఎక్కువ కాబట్టి యాసిడ్‌తో ఖనిజాన్ని కరిగించడం గిట్టుబాటు కాదు, యాసిడ్ అంతా సున్నానికే ఖర్చయిపోతుంది. అందుకే అక్కడి ప్లాంటులో సోడా లాంటి క్షార ద్రావణంతో, ఒత్తిడి పెట్టి యురేనియాన్ని కరిగిస్తారు.

పార్కుకూ దీనికీ సంబంధం ఉంది. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. నేల క్షారగుణం ఎక్కువయ్యేకొద్దీ ఇనుము నీళ్లలో కరగని రూపంలోకి మారిపోతుంది. ఇనుము లేకుండా మొక్క పత్రహరితాన్ని తయారు చేసుకోలేదు. అప్పుడు కొనల్లోని లేత ఆకులు ముందు పాలిపోతాయి. ఆకును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూస్తే ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ గీతల్లా నిలిచి, మధ్య భాగమంతా నిమ్మపండు రంగులో కనిపిస్తుంది. ముదురు ఆకులు మామూలుగానే ఉంటాయి. చీనీ రైతులకు ఇది కొత్త కాదు. వాళ్లు అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు. నేలలో వేస్తే మళ్లీ సున్నం పట్టేసుకుంటుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. పార్కుకు బయటి నర్సరీల నుంచి అలంకరణ మొక్కలు తెప్పించి, అవి పసుపుబారితే నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోసేవాళ్లున్నారు. బోరు నీళ్లలోనూ సున్నమే ఉంటుంది కాబట్టి ఎక్కువ పోసినకొద్దీ జబ్బు ముదురుతుంది.

ఈ నేలకు అలవాటు పడ్డ చెట్లు వేరే ఉన్నాయి. వేప, కానుగ, చింత, రేగు, నల్లతుమ్మ సున్నాన్ని లెక్కచేయవు. కానుగకూ తుమ్మకూ వేర్ల మీద బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి అవి పేద నేలలోనూ నిలుస్తాయి. వేప, కానుగల గొప్ప గుణం ఇంకొకటుంది: ఎండలు ముదిరే వేళకు, ఉగాది అటూఇటూగా, కొత్త ఆకు వేసి నిండుగా ఉంటాయి. ఎర్రచందనం పాలకొండలు, శేషాచలం లాంటి మన తూర్పు కనుమల కొండల సొంత చెట్టు, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. దాన్ని పార్కులో ఓ మూల పెంచి పిల్లలకు చూపించాల్సిందే. కానీ పొడికాలంలో ఆకు రాల్చే చెట్టు గనక బెంచీల మీద నీడకు దాన్ని నమ్ముకోలేం. ఏ చెట్టు గొప్పదని కాకుండా ఏ చెట్టు ఏ నెలలో ఆకుతో ఉంటుందని చూసి నాటాలి.

కోనోకార్పస్ మాట కూడా చెప్పాలి. మూడేళ్లలో పచ్చటి గోడలా లేస్తుందని పట్టణాలన్నీ దాన్ని డివైడర్ల మీద, పార్కుల చుట్టూ నాటాయి. అది మన చెట్టు కాదు, మన పక్షులకు పెద్దగా తిండి పెట్టదు, వేర్లు పైపుల్లోకి, కాలువల్లోకి చొరబడతాయి. తెలంగాణ హరితహారంలో దాన్ని నాటడం ఆపించింది, 2023లో గుజరాత్ నిషేధించింది. కొత్త పార్కులో దానికి చోటివ్వాల్సిన అవసరం లేదు.

రాయి సంగతిలో చివరిది తాగునీరు. క్షారగుణమున్న, కార్బొనేట్లు నిండిన నీళ్లలో యురేనియం తేలిగ్గా కరుగుతుంది. గని ప్లాంటులో వాడే రసాయన సూత్రమే భూమిలో సహజంగానూ పనిచేస్తుంది. తుమ్మలపల్లె టైలింగ్ పాండ్ (ఖనిజం తీశాక మిగిలిన వ్యర్థాలు నిల్వ చేసే చెరువు) దగ్గరి కె.కె. కొట్టాల తదితర గ్రామాల రైతులు తమ బోరు నీళ్లు పాడయ్యాయని, పంటలు దెబ్బతిన్నాయని ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తున్నారు. కారణం గనేనా, రాయేనా అన్న వాదన ఎలా తేలినా, ఈ ప్రాంతంలో పిల్లలాడుకునే పార్కులో కుళాయి పెట్టే ముందు ఆ నీటిలో యురేనియం, ఫ్లోరైడ్ రెండూ పరీక్ష చేయించాలి. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఫ్లోరైడ్‌కు ఆ సంస్థ పెట్టిన హద్దు 1.5 మిల్లీగ్రాములు. పరీక్ష ఫలితాన్ని కుళాయి పక్కనే బోర్డు మీద రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మనకు వాన లేదన్నది సగం నిజమే

కడప జిల్లాలో సగటున ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఒక ఎకరా మీద 28 లక్షల లీటర్లు. లాస్ వేగాస్‌కు పడేదానికి ఏడు రెట్లు. మన కష్టమల్లా అది ఏడాది పొడవునా పంచి పడకపోవడం. జూన్ నుంచి డిసెంబరు లోపు కొద్ది రోజుల్లో కుండపోతగా కురిసి వంకల వెంట వెళ్లిపోతుంది. 2020 నవంబరులో నివర్ తుఫాను వానలకు కడపలో బుగ్గవంక పొంగి కాలనీల్లోకి వచ్చింది. మరుసటేడు నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగింది. ఎండిపోయే నేలా మునిగిపోయే నేలా ఒకటే.

కాబట్టి మన పార్కు చుట్టూ ఉన్న రోడ్ల కంటే పల్లంగా ఉండాలి. ఇప్పుడు సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతోంది: మట్టి తోలి, రోడ్డు కంటే అడుగెత్తున లేపి, చుట్టూ సిమెంటు గట్టు కడుతున్నారు. వాన నీరంతా రోడ్డెక్కి కాలువలో పడుతుంది. నీరు పల్లమెరుగు. అదే ఎకరా పార్కును ఒక అడుగు లోతుకు దించితే ఒక్క వానకు 12 లక్షల లీటర్లు నిలబెట్టుకోగలదు. చుట్టుపక్కల మేడల మీద పడ్డ వాన, రోడ్ల మీద పడ్డ వాన అందులోకి మళ్లించి, మొదట వచ్చే చెత్తా బురదా ఆగడానికి ఒక చిన్న గుంట పెడితే చాలు. నడకదారులు, బెంచీలు మాత్రం ఎత్తు మీద ఉంటాయి. వాన వెలిసిన రెండు రోజులకు నీరు నేలలోకి దిగిపోతుంది, ఆట మళ్లీ మొదలవుతుంది.

నిజంగా దిగుతుందా? ఇది ఎవరైనా పరీక్షించుకోవచ్చు. పార్కు స్థలంలో అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంత తవ్వండి. నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి, ఎందుకంటే ఎండిన నేల మొదటిసారి అబద్ధం చెబుతుంది. మళ్లీ నింపి, ఒక కర్ర మీద గుర్తులు పెట్టి, గంటకు ఎంత దిగిందో చూడండి. ఎర్ర ఇసక నేలలో గంటకు రెండు మూడు అంగుళాలు సులభంగా దిగుతుంది. ఒక అంగుళమైనా దిగితే పల్లపు పార్కుకు భయం లేదు. నల్లరేగడి అయితే మొదట పగుళ్లలోకి గబగబా జారి, ఆ తర్వాత నేల ఉబ్బి దాదాపు ఆగిపోతుంది. అక్కడ లోతు తగ్గించి, వెడల్పు పెంచి, కింద ఇసక నింపిన కందకాలు తవ్వాలి. లారీలు, జేసీబీలు తిరిగి గట్టిపడ్డ నేల ఏదైనా నీళ్లు తాగదు. దాన్ని రెండడుగుల లోతుకు తవ్వి, పశువుల ఎరువు కలిపి వదులు చేయకుండా మొక్క పెట్టడం డబ్బు తగలేయడమే. మీటరు లోతు ఎర్రనేల వేర్లకు అందేలా దాచిపెట్టగలిగేది సుమారు 100 మిల్లీమీటర్ల నీరు. ఎరువు కలిస్తే అది పెరుగుతుంది, పైన ఆకులూ ఎండు గడ్డీ కప్పితే దాచిన నీరు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇంత కష్టపడి పెంచిన చెట్టు మొదలు దగ్గర మనం చేసే అన్యాయం చూడండి. టైల్స్ వేసేటప్పుడు కాండానికి బెత్తెడు దూరం కూడా వదలకుండా సిమెంటు పోస్తారు. ఆ వలయంలో దుమ్ము గట్టిపడి, వాన పడితే నీరు దాని మీది నుంచి జారిపోతుంది. కాండం లావెక్కేకొద్దీ సిమెంటు అంచు బెరడులోకి దిగుతుంది. నీళ్లు మాత్రమే కాదు, వేర్లకు గాలీ అందదు. చెట్టు వేర్లు కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి కాబట్టి మొదలు చుట్టూ కనీసం రెండు మీటర్ల వెడల్పు మట్టి వదిలేయాలి. దారులకు సందులున్న బండలు, కంకర, మొరం వాడాలి. నల్లటి కడప బండ మన గర్వమే కానీ ఎండలో అది పగలంతా వేడిని తాగి రాత్రి పది వరకు వదులుతూ ఉంటుంది. చెట్టు కింద అరుగుగా దాన్ని మించింది లేదు. ఎండలో పరిచే నేలకు మాత్రం లేతరంగు రాయి మేలు.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషం

ఇదే జిల్లాలో పోరుమామిళ్ల చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించి 1369లో శాసనం వేయించాడు. వెయ్యి మంది కూలీలు, నూరు బళ్లు, రెండేళ్ల శ్రమ పట్టాయని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని, ఆరు దోషాలు ఉండకూడదని ఆ శాసనం లెక్కపెట్టి చెబుతుంది. నీటి విద్య తెలిసినవాడు ఉండటం ఆ అంగాల్లో ఒకటి. ఆరు దోషాల్లో ఒకటి నాకు ప్రతి పార్కు ప్రణాళిక చూసినప్పుడూ గుర్తొస్తుంది: వచ్చే నీరు తక్కువై, తడపాల్సిన నేల ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కింద రాతి మీద చెక్కిన ఈ దోషమే నేటి లాన్ పార్కులకు పట్టింది.

చెరువు గట్టున కట్టే పార్కులకూ ఇదే కొలత. మన ఎండకు తెరిచి ఉన్న నీటి నుంచి ఏడాదికి 1,500 మిల్లీమీటర్లకు పైగా ఆవిరైపోతుంది. ఎకరా నీటికి 60 లక్షల లీటర్లు, దాని మీద నేరుగా పడే వానకు రెట్టింపు. కాబట్టి చెరువు తన మీద పడే వానతో బతకదు, పై నుంచి వచ్చే వాగు వల్లే బతుకుతుంది. గట్టు మీద దీపాలు, రెయిలింగులు ఎంత బాగున్నా, పైన వాగు దారిలో లేఅవుట్ వేస్తే చెరువు నాలుగేళ్లలో మురుగు గుంట అవుతుంది. లేక్ ఫ్రంట్ కట్టే డబ్బులో కొంత వాగు హద్దులు కొలిచి రాళ్లు పాతడానికి పెట్టాలి. అది ఫొటోల్లో పడే పని కాదు, కానీ చెరువును నిలిపేది అదే.

పార్కుకు ఖాయంగా దొరికే నీరు ఒకటుంది, దాన్ని మనం పారబోస్తున్నాం. ఇళ్లకు ఇచ్చే నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. పులివెందుల పాత జనాభా లెక్కకే రోజుకు 71 లక్షల లీటర్లు. వాన వచ్చినా రాకున్నా రోజూ వచ్చే నీరు అది. దాన్ని శుద్ధి చేసి, స్ప్రింక్లర్లతో చిమ్మకుండా మట్టి కింద డ్రిప్పు పైపుల ద్వారా చెట్లకు ఇస్తే మనుషులకు తగలదు, వాసన ఉండదు, అందులోని నత్రజని, భాస్వరం చెట్లకు ఎరువవుతాయి. ఉప్పు శాతం మాత్రం ఏటా చూసుకోవాలి. డ్రిప్పు వాడకంలో మన చీనీ, అరటి రైతులకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. మున్సిపాలిటీలు వాళ్లను పిలిచి ఒక పూట కూర్చోబెట్టుకుంటే కన్సల్టెంట్ల నివేదికల్లో దొరకనిది దొరుకుతుంది.

అసలు నీళ్లే పోయకుండా నిలిచిన పార్కు మనకు చూపించడానికి ఉంది. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం 350 ఎకరాలకు పైగా ఉన్న దక్కను రాతి నేల అడవి. 1998లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, ఉన్న చెట్టూ పొదా బండా ఉన్నట్టే వదిలేశారు. వేసవిలో అది ఎండుగా కనిపిస్తుంది, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. నెమళ్లు తిరుగుతాయి, చుట్టూ వేల మంది నడుస్తారు. కర్నూలు శివారు గార్గేయపురం చెరువు దగ్గర అటవీశాఖ పెంచిన నగరవనం కూడా ఇలా ఉన్న ప్రకృతిని ఆసరా చేసుకున్నదే. పులివెందుల, వేంపల్లె, తుమ్మలపల్లె దారుల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన తుమ్మలు, రేగు పొదలు, వేపలు, గుట్టల అంచులు ఉన్నాయి. లేఅవుట్ వేసేవాళ్లు మొదటి రోజే జేసీబీతో వాటిని తుడిచేసి, తర్వాత పార్కు పేరుతో కొత్త మొక్కలు కొంటున్నారు. ఇరవై ఏళ్ల వేపను కొట్టి మూడడుగుల మొక్క పెడితే ఆ నీడ మళ్లీ రావడానికి ఒక తరం చిన్నతనం గడిచిపోతుంది.

మీ పట్టణంలో పార్కు ప్రణాళిక కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు రంగు బొమ్మ చూసి ఊరుకోకండి. వేసవిలో రోజుకు ఎన్ని లీటర్లు కావాలి, అవి ఎక్కడి నుంచి వస్తాయి, స్థలంలో ఇప్పుడున్న చెట్లు ఎన్ని, వాటిలో ఎన్ని ఉంచుతున్నారు, మొదటి మూడు వేసవులు మొక్కలకు నీళ్లు పోసేది ఎవరు అని అడగండి. జవాబులు మినిట్స్‌లో రాయించండి. నాటడం మాత్రం జూన్, జులై తొలి వానలకే జరగాలి. మార్చిలో నాటిన మొక్క మన దగ్గర బతకదు.